పొగపట్టించిన నిప్పుకోడి మాంసం: ఉప్పు ఆపండి, పొయ్యి మీద తక్కువసేపు ఉంచండి

మొదటిసారి ఈ మాంసం కొన్నప్పుడు ఇది మన ఒట్టి తునకల్లాంటిదే అనుకున్నాను. మాది కరీంనగర్ దగ్గర పల్లె. పండక్కి యాటను కోసినప్పుడు మాంసం మిగిలితే అమ్మ పొడుగు పీలికలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద వేసి ఎండబెట్టేది. వానాకాలంలో ఆ తునకల్ని నానబెట్టి, మెత్తగా ఉడికించి, చింతచిగురుతో వండేది. కేప్‌టౌన్‌ వచ్చిన కొత్తలో సూపర్‌మార్కెట్లో పొగపట్టించిన నిప్పుకోడి మాంసం కనబడగానే నా చేతులు ఆ అలవాటే పట్టుకున్నాయి. అరగంట నానబెట్టాను, కుక్కర్లో ఐదు విజిల్స్ రానిచ్చాను, ఎప్పట్లాగే చెంచాడు ఉప్పు వేశాను. ముక్క ఎంత నమిలినా తెగలేదు. పులుసు నోట్లో పెట్టలేనంత ఉప్పు. పొగ వాసనంతా నీళ్లలోకి దిగి చేదెక్కింది. మొత్తం పారబోయాల్సి వచ్చింది, చాలా బాధేసింది.

మా పక్కింటి టానీ ఆ గిన్నె చూసింది. ఇక్కడ ఆఫ్రికాన్స్ మాట్లాడేవాళ్లు పెద్దావిడని టానీ అంటారు, మనం ఆంటీ అన్నట్టు. ఆవిడ పుట్టింది ఔట్స్‌హోర్న్‌లో. "ఉప్పూ పొగా రెండూ వాటి పని చేసేశాయమ్మా, నువ్వు కాస్త వేడి చూపిస్తే చాలు" అంది. ఈ తొమ్మిదేళ్లలో నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగింది.

ఔట్స్‌హోర్న్ గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఈ మాంసం ఇల్లు అదే. కేప్‌టౌన్‌ నుంచి తూర్పుగా నాలుగొందల కిలోమీటర్ల పైన, స్వార్ట్‌బర్గ్ కొండల కింద, క్లైన్ కరూ అనే పొడి నేలలో ఉంటుంది. మా రాయలసీమ స్నేహితురాలు అక్కడికి వచ్చినప్పుడు "అచ్చం మా ఊరి నేలే" అంది. ఒకప్పుడు అక్కడ నిప్పుకోళ్లని పెంచింది మాంసం కోసం కాదు, ఈకల కోసం. యూరప్ ఆడవాళ్ల టోపీలకి ఆ ఈకలు వెళ్లేవి. 1913 నాటికి బంగారం, వజ్రాలు, ఉన్ని తర్వాత దక్షిణాఫ్రికా ఎగుమతుల్లో ఈకలదే నాలుగో స్థానం. ఆ డబ్బుతో కట్టిన రాతి మేడలు ఇప్పటికీ ఊళ్లో ఉన్నాయి, వాటిని ఈకల ప్యాలెస్‌లు అంటారు. 1914లో ఫ్యాషన్ మారి, యుద్ధం వచ్చి ధర కుప్పకూలింది. తోలు, మాంసం వ్యాపారాలుగా నిలబడింది ఆ తర్వాతే.

ఇంట్లో పెద్దవాళ్లకి మొదట వచ్చే అనుమానం ఒకటుంది. మా అత్తమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ప్యాకెట్ చూసి, "ఇంత ఎర్రగున్నది, గొడ్డు మాంసం కాదు గదా బిడ్డా?" అని అడిగారు. కాదు, ఇది పక్షే. ఎగరదు కాబట్టి రొమ్ము దగ్గర కోడికి ఉన్నట్టు తెల్లటి మాంసం ఉండదు. తినే మాంసం దాదాపు అంతా తొడల్లో, కాళ్లలోనే ఉంటుంది. రోజంతా నడిచే, పరిగెత్తే ఆ కండలో రక్తపు రంగు ఎక్కువ. కాకపోతే సాసేజ్‌లు కొనేటప్పుడు మాత్రం లేబుల్ చదవండి. నిప్పుకోడి మాంసంలో కొవ్వు తక్కువని వాటిలో పంది కొవ్వో గొడ్డు కొవ్వో కలుపుతుంటారు.

నేను దీన్ని వారానికోసారి వండడం మొదలుపెట్టింది రుచి కోసం కాదు. రెండో బాబు పుట్టాక నా హిమోగ్లోబిన్ 9.1కి పడిపోయింది. డాక్టర్ ఐరన్ మాత్రలు రాస్తూ, ఎర్ర మాంసం కూడా తినమన్నారు. మేం గొడ్డు మాంసం తినం, మటన్ రోజూ కొనేంత చవక కాదు. అప్పుడు ఈ మాంసం లెక్కలు చూశాను. కొవ్వు తీసిన పచ్చి నిప్పుకోడి మాంసం 100 గ్రాముల్లో సుమారు 22 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, కొవ్వు రెండు మూడు గ్రాములే, కేలరీలు 115 దాకా. ఐరన్ 3 మిల్లీగ్రాముల పైనే. కోడి రొమ్ములో 1 మిల్లీగ్రాము కూడా ఉండదు. పైగా మాంసంలోని ఐరన్ ఆకుకూరల్లోని ఐరన్ కన్నా ఒంటికి తేలిగ్గా పడుతుంది, పక్కన తిన్న ఆకుకూరలోని ఐరన్‌ని కూడా లోపలికి తీసుకోవడానికి సాయపడుతుంది. బి12 కూడా బాగా ఉంటుంది. కొవ్వు తక్కువ కాబట్టి కొలెస్ట్రాల్ కూడా తక్కువని మాత్రం అనుకోకండి. అది దాదాపు చికెన్‌తో సమానం.

ఇదంతా పచ్చి మాంసం సంగతి. పొగపట్టించాక నీరు పోయి ప్రోటీన్ చిక్కబడుతుంది, దానితోపాటే ఉప్పు చేరుతుంది. ప్యాకెట్ వెనక సోడియం ఎంతో చూసి 2.5తో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. ఉదాహరణకి 100 గ్రాములకి 1200 మిల్లీగ్రాముల సోడియం అని ఉంటే అది 3 గ్రాముల ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక మనిషికి రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలంటుంది. మన ఇళ్లలో పచ్చడి, చారు, అన్నంలో కలిపే పొడులు ఎలాగూ ఉంటాయి కదా. బీపీ ఉన్నవాళ్లు ఉన్న ఇంట్లో నేనైతే కొన్నది పెట్టను. ఇంకో విషయం కూడా మనసులో పెట్టుకోవాలి. ఉప్పు వేసి, పొగపట్టించి నిల్వచేసిన మాంసాలన్నీ రోజూ తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని అదే సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో తేల్చింది. అందుకే మా ఇంట్లో వారానికోసారి వండేది పచ్చి ఫిల్లెట్టే. పొగపట్టించింది నెలకి ఒకటి రెండుసార్లు, అదీ ఎక్కువగా ఇంట్లో చేసుకున్నది.

కొనేటప్పుడు ఒక్కటి తెలుసుకుంటే సగం పని అయినట్టే. కోల్డ్ స్మోక్డ్ అని ఉంటే అది ఉప్పు పట్టి, చల్లటి పొగ తగిలిన పచ్చి మాంసం. కాగితంలా పల్చగా కోసి అమ్ముతారు. హాట్ స్మోక్డ్ అయితే పొగలోనే ఉడికింది. మొదటిదాన్ని ఇక్కడివాళ్లు అలాగే తింటారు, నిమ్మరసం పిండి. గర్భిణులకి, చిన్నపిల్లలకి, బాగా పెద్దవాళ్లకి, జబ్బుపడి లేచినవాళ్లకి అలా పెట్టొద్దు. 2017, 2018ల్లో ఈ దేశంలో లిస్టీరియా అనే బాక్టీరియా వల్ల వెయ్యిమందికి పైగా జబ్బుపడ్డారు, 200 మందికి పైగా చనిపోయారు. మూలం రెడీమేడ్‌గా తినే ఒక మాంసం ఉత్పత్తి. అప్పుడు నేను గర్భవతిని. ఆ టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది. ఆవిరి వచ్చేదాకా వేడిచేస్తే ఆ భయం ఉండదు.

ఇక ఇంట్లో పొగపట్టించే పద్ధతి. ఇక్కడివాళ్లు బ్రాయ్ పొయ్యి మీద, అంటే ఆరుబయట మాంసం కాల్చే పొయ్యి మీద, రూయ్‌క్రాన్స్ కట్టెతో చేస్తారు. రూయ్‌క్రాన్స్ అంటే ఆస్ట్రేలియా నుంచి వచ్చి కేప్ తీరమంతా ముళ్లకంపలా అల్లుకుపోయిన తుమ్మజాతి చెట్టు. ఫ్లాట్‌లో ఉండే నాకు ఆ వసతి లేదు, అందుకే ఇనప కడాయిలో చేస్తాను. నాన్‌స్టిక్ కడాయి అస్సలు వాడొద్దు.

అరకిలో ఫ్యాన్ ఫిల్లెట్ తీసుకోండి. తొడలోని మెత్తటి కండ అది. పైన వెండిలా మెరిసే పొర ఉంటే కత్తి మొన దాని కిందికి పోనిచ్చి లాగేయండి. ఆ పొర ఉంటే ముక్క ముడుచుకుపోతుంది. పట్టించడానికి 10 గ్రాముల ఉప్పు సరిపోతుంది. చేతి లెక్క కాదు, తూకం వేయండి. చెంచాడు ధనియాలు వేయించి కచ్చాపచ్చాగా దంచండి, మిరియాలు అర చెంచా, చిటికెడు బెల్లం, ఒక పెద్ద చెంచా వెనిగర్. ఈ ధనియాలు, వెనిగర్ జోడీ నాది కాదు. బిల్టాంగ్ అనే ఎండు మాంసానికి ఇక్కడివాళ్లు వాడేది అదే. ధనియాలు చూడగానే మన వంటింట్లో ఉన్నట్టే అనిపించి నేను వాటిని వదల్లేదు. ఇవన్నీ పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి.

పొద్దున్నే తడి తుడిచి, మూత లేకుండా మళ్లీ రెండు గంటలు ఫ్రిజ్‌లోనే పెట్టండి. చేత్తో ముట్టుకుంటే కొద్దిగా బంకగా అంటుకోవాలి. పొగ పట్టేది ఆ బంకకే. తడిగా ఉంటే మసి పడుతుంది, రుచి చేదవుతుంది. దీని మీద నూనె బాగా రాయండి. ఈ మాంసానికి సొంత కొవ్వు లేదు, మనమే ఇవ్వాలి.

కడాయి అడుగున రెండు పొరల ఫాయిల్ పరిచి, రెండు పెద్ద చెంచాల బియ్యం, రెండు చెంచాల రూయిబోస్ టీ ఆకు, ఒక చెంచా పంచదార వేయండి. రూయిబోస్ కేప్‌టౌన్‌కి ఉత్తరాన సెడర్‌బర్గ్ కొండల్లో పండుతుంది. దాని పొగ తీయగా ఉంటుంది, కట్టె పొగలా గొంతు పట్టదు. పైన చిన్న జాలీ పెట్టి, మంట పెద్దది చేయండి. సన్నటి పొగ లేచాక మాంసం జాలీ మీద పెట్టి మూత వేయండి. అంచు చుట్టూ పిండి ముద్ద అంటించండి, దమ్ బిర్యానీకి అంటించినట్టు. మంట తగ్గించి 15 నిమిషాలు, ఆపేశాక ఇంకో 10 నిమిషాలు కదపకండి. కిటికీలన్నీ తెరిచే పెట్టండి.

తీసి ముక్క మధ్యలోకి థర్మామీటర్ గుచ్చండి. 63 డిగ్రీలు రావాలి. తక్కువుంటే 150 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి అక్కడికి చేర్చండి. 70 దాటనిస్తే పొడిబారి కట్టెలా అవుతుంది. అమ్మ చేతి వంటంతా చూపుతోనే నడిచింది, నాక్కూడా థర్మామీటర్ కొనడం మొదట చాదస్తంగా అనిపించింది. కానీ ఈ మాంసం పచ్చిగా ఉన్నప్పుడు ముదురు రంగులోనే, ఉడికినా ముదురు రంగులోనే ఉంటుంది, ఉడికిందో లేదో కంటికి దొరకదు. దక్షిణాఫ్రికాకి దూరంగా ఉన్నవాళ్లు ఇదే పద్ధతి కోడి కాళ్లకి వాడొచ్చు. అప్పుడు మాత్రం 74 డిగ్రీలు తప్పనిసరి.

ఐదు నిమిషాలు చల్లారాక కోయండి. కోసే ముందు ముక్కని వెలుగుకి పట్టి చూడండి, పోగులు ఒకవైపుకి వరసగా కనిపిస్తాయి. కత్తి ఆ పోగులకి అడ్డంగా నడవాలి. పోగు వెంటే కోస్తే పిల్లలు నమిలి నమిలి ఉమ్మేస్తారు. సరిగ్గా కోస్తే అంచున గోధుమరంగు గీత, లోపల నేరేడుపండు పిసికినట్టు రంగు. ధనియాల పలుకు పంటికి తగిలి, వెనకాలే పొగ వస్తుంది.

దీంతో నేను ఎక్కువగా చేసేది తోటకూర ఇగురు. ఇక్కడ అడవి ఆకుకూరల్ని మొరోగో అంటారు, అందులో తోటకూర కూడా ఉంటుంది. సంతలో నల్లజాతి ఆడవాళ్లు కట్టలు కట్టి అమ్ముతారు. రెండు చెంచాల నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, ఆరు వెల్లుల్లి రెబ్బలు, కరివేపాకు వేయండి. రెండు ఉల్లిపాయల ముక్కలు ఎర్రబడేదాకా వేయించి, రెండు కట్టల తోటకూర తరిగి వేసి నీళ్లు ఇగిరేదాకా ఉంచండి. ఇప్పటిదాకా ఉప్పు వేయలేదు, వేయకండి. పావుకిలో పొగపట్టించిన ముక్కలు ఇప్పుడు వేసి, చెంచా నెయ్యి, కాస్త మిరియాలపొడి చల్లి, రెండే నిమిషాలు కలపండి. దించాక నిమ్మరసం. పుల్లదనం ఆకులోని ఐరన్‌కి కూడా మంచిది. రుచి చూసి, అప్పటికీ తక్కువనిపిస్తే చిటికెడు ఉప్పు. కొన్న కోల్డ్ స్మోక్డ్ ముక్కలైతే అసలు అక్కర్లేదు, కాకపోతే వాటిని ఆవిరి వచ్చేదాకా వేడెక్కనివ్వండి. జొన్నరొట్టెతో బాగుంటుంది. తిన్నాక టీ గంట ఆగి తాగండి, ఐరన్ కోసం తినేవాళ్లయితే తప్పకుండా.

ఇంట్లో చేసింది ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజుల కన్నా ఉంచను. ఈ మాంసంలో సహజంగా ఉండే పులుపు మిగతా ఎర్ర మాంసాల కన్నా తక్కువ, అందుకే త్వరగా చెడుతుంది. కొన్న ప్యాకెట్ కూడా తెరిచాక అంతే, పైన రాసిన తేదీ సీల్ ఉన్నంతవరకే. ఎక్కువ చేసుకుంటే ముక్కగానే, కోయకుండా, గట్టిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. రెండు నెలల్లో వాడేయండి. కరిగించేది మాత్రం వంటగట్టు మీద కాదు, ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి.