దసరా బజారుకు వెళ్లే ముందు పెట్టెను తిప్పి చూడండి

దసరా నుంచి దీపావళి వరకు విజయవాడ బీసెంట్ రోడ్డులో ఫుట్‌పాత్ మీద కుప్పలు పోసే బొమ్మలు, ఛార్జర్లు, సీరియల్ లైట్లలో తయారీదారు పేరు లేని దిగుమతి సరుకు కూడా కలిసి ఉంటుంది. ధర అడిగే ముందే పెట్టె మీద ఏముందో చదవాలి. వస్తువుల భద్రత కోసం దేశాలు చేసుకున్న ఏర్పాట్లన్నీ ఆ నాలుగు అక్షరాల మీదే ఆధారపడి ఉన్నాయి.

ఒక దేశంలో ప్రమాదకరమని తేలిన వస్తువు మరో దేశంలో అమ్ముడుపోకుండా ప్రభుత్వాలు హెచ్చరికలను పంచుకుంటాయి. వివిధ దేశాల రీకాల్ (లోపమున్న సరుకును వెనక్కి తీసుకునే) ప్రకటనలను ఒకేచోట వెతుక్కునే వేదికను ఆర్థిక సహకారం కోసం ఏర్పడిన దేశాల కూటమి ఓఈసీడీ 2012లో ప్రారంభించింది. ఐరోపా సమాఖ్య దేశాలు సేఫ్టీ గేట్ అనే హెచ్చరికల వ్యవస్థ ద్వారా ఒకదానినొకటి అప్రమత్తం చేసుకుంటాయి. ఆ హెచ్చరికలు వస్తువును ముఖ్యంగా బ్రాండు, మోడల్, బ్యాచ్ నంబర్లతో గుర్తుపడతాయి కాబట్టి, ఊరూ పేరూ లేని సరుకు వాటికి దొరకడం కష్టం.

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు, దిగుమతివైనా సరే, ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. గుర్తును ఎవరైనా అచ్చు వేయగలరు గనుక, దానితోపాటు ఉండే సీఎం/ఎల్ (లైసెన్సు) నంబరును, ఛార్జర్లు, పవర్ బ్యాంకుల మీదైతే ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరును భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, అక్కడ వచ్చిన సంస్థ పేరూ పెట్టె మీది పేరూ ఒకటేనా అని సరిచూడాలి. దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం కూడా ఉండాలి.

నిరుడు మా ఇంటికి వచ్చిన పాటల బొమ్మకు బ్యాటరీ మూత గోరు తగిలితే ఊడింది. లోపల మూడు బటన్ సెల్స్ (గుండీలంత చిన్న గుండ్రటి బ్యాటరీలు) ఉన్నాయి. అలాంటి సెల్ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక తీవ్రంగా కాలిపోవచ్చు. కనుక మూతకు స్క్రూ లేని బొమ్మను కొనవద్దు; బిడ్డ మింగినట్లు అనుమానం వస్తే వాంతి చేయించకుండా, సెల్ ప్యాకెట్టుతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పండుగ అయిపోయినా పెట్టె, బిల్లు పారేయకండి. వస్తువు వేడెక్కినా, పొగ వచ్చినా వాడకం ఆపి, మోడల్ నంబరు కనిపించేలా ఫొటో తీసి, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేసేటప్పుడు అవే అక్కరకు వస్తాయి.