మిల్లు కార్మికుడి ఇంట్లో ముందే సర్దుకోవలసిన పింఛను కాగితాలు

మిల్లులో పనిచేసి రిటైరైన తండ్రి ఈపీఎస్ (పీఎఫ్ కార్యాలయం ఇచ్చే ఉద్యోగుల పింఛను పథకం) పింఛను తీసుకుంటున్నట్లయితే, ఆయన తర్వాత తల్లికి రావలసిన పింఛను గురించి ఆయన ఉండగానే, ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని మాట్లాడాలి. మా ఇంట్లో ఆ మాట ఎత్తడమే అశుభమనుకున్నాం. పింఛను మంజూరు చేస్తూ ఇచ్చిన ఉత్తర్వు అయిన పీపీఓ కాగితం, యూనియన్ రసీదులు నాన్న ట్రంకు పెట్టెలోనే ఉండేవి. తాళం ఎక్కడుందో కూడా అమ్మకు తెలియదు.

మొదట చూడవలసినవి పేర్లు. మా అమ్మ పీపీఓలో లచ్చమ్మ, ఆధార్‌లో లక్ష్మి, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు లేని లక్ష్మమ్మ. ఈ మూడు పేర్లూ ఒకే మనిషివని రుజువు చేయడానికి, భర్త పోయిన దుఃఖంలో ఉన్న ఆమె నెలల తరబడి తిరగవలసి వచ్చింది. తండ్రి సంతకం చేయగలిగిన రోజుల్లోనే వీటిని సరిచేయించండి.

మరణం ఇంట్లో జరిగితే పెద్దకర్మ పనుల్లో పడి మరచిపోకుండా, 21 రోజుల లోపు పంచాయతీలో గాని మున్సిపాలిటీలో గాని నమోదు చేయించాలి. గడువు దాటితే ఆలస్య రుసుము, ఇంకా ఆలస్యమైతే అధికారుల అనుమతి అవసరమవుతాయి. పీఎఫ్ కార్యాలయానికి, బ్యాంకుకు వెంటనే తెలియజేయాలి. ఆ తర్వాత కూడా ఆయన ఖాతాలో పింఛను పడితే, కర్మ ఖర్చులకని ఏటీఎంలో తీయవద్దు, ఆ సొమ్ము తిరిగి కట్టవలసి వస్తుంది. మరణ ధ్రువపత్రంతో, 10-డి ఫారంతో తల్లి పేరున దరఖాస్తు చేయాలి. ఆమెకు వచ్చేది ఆయన పింఛనులో సగం, 1,000 రూపాయలకు తగ్గకుండా.

ఈ దశలో ‘నేను ఇప్పిస్తాను’ అంటూ వాడలోని నాయకులు వస్తారు. అది ఆయన చేసిన చాకిరీకి దక్కిన హక్కు కనుక, ఎవరి దయకూ తల్లి చేతులు జోడించనక్కరలేదు. కనీస పింఛనును నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయించింది 2014 సెప్టెంబరులో. దాన్ని 7,500 చేయాలని పింఛనుదారులు ఏళ్లుగా ఆందోళన చేస్తున్నారు. నాన్న ఆ సభలకు ఒక్కడే వెళ్లేవాడు. తగ్గేది అమ్మ రాబడే అయినప్పుడు ఆమెను కూడా తీసుకువెళ్లి ఉండవలసింది.

పింఛను మొదలయ్యాక ఏటా, ఆమె బతికే ఉందని తెలిపే జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి. పని చేసి చేసి వేలిముద్రలు అరిగిపోయిన చేతులను యంత్రం గుర్తించకపోతే, ఫోనులో ముఖం చూపించి కూడా ఆ పత్రం ఇవ్వవచ్చు. పగలు, వెలుతురు ఎదురుగా పడేలా వాకిట్లో కూర్చోబెట్టి చేయండి.