ఇంట్లో తీసిన టమాటా గింజలకు విత్తనశుద్ధి ఎలా చేయాలి?

ఇంట్లో కాసిన టమాటా నుంచి గింజ తీసి దాచుకుంటే ఖర్చు కలిసొస్తుంది, నచ్చిన రకమూ చేతిలో ఉంటుంది. చిక్కల్లా ఒకటే: గింజతో పాటు తెగులునూ దాచుకుంటాం. బాక్టీరియా ఆకుమచ్చ, కాయ మీద గోధుమ చుక్క చుట్టూ తెల్లటి వలయంతో కనిపించే క్యాంకర్, మొజాయిక్ వైరస్ లాంటివి గింజ పైపొర మీదో, కాస్త లోపలో ఉండిపోయి వచ్చే ఏడాది నారులో బయటపడతాయి. వాటిని వదిలించడమే విత్తనశుద్ధి, అందులో ముఖ్యమైనది గింజల్ని వేడి నీళ్లలో ఉంచడం. బాక్టీరియాను చంపే వేడికీ, గింజను చంపే వేడికీ మధ్య తేడా కొద్ది డిగ్రీలే. అందుకే మందుల షాపుకు వెళ్లేముందు ఒక మంచి థర్మామీటరు కొనుక్కోండి.

ముందు ఒక మాట. ఇది అర్క వికాస్, పూసా రూబీ లాంటి సూటి రకాలకూ (హైబ్రిడ్ కానివి), నాటు టమాటాకూ పనికొచ్చే పద్ధతి. అర్క రక్షక్ లాంటి హైబ్రిడ్ కాయల గింజలు మొలుస్తాయి గానీ, తల్లి మొక్క లక్షణాలు అలాగే రావు. ఇక ప్యాకెట్లో గులాబీ రంగో, నీలం రంగో పూసి వచ్చిన గింజలకు కంపెనీవాళ్లే మందు పట్టించి ఉంటారు. వాటిని వేడి నీళ్లలో వేయకండి.

కాయను ఎంచుకోవడం

మచ్చలు, ఆకుముడత, వడలు ఏవీ లేని మొక్క నుంచే తీసుకోండి. కాయ చెట్టు మీదే బాగా పండాలి, వేలితో నొక్కితే మెత్తబడాలి. తెగులున్న మొక్క కాయను "శుద్ధి చేస్తాం కదా" అని తీసుకోవద్దు. శుద్ధి తెగులును తగ్గిస్తుంది, పూర్తిగా లేకుండా చేస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

పులియబెట్టడం

కాయను అడ్డంగా కోసి గుజ్జుతో సహా గింజల్ని గాజు సీసాలోకి పిండండి. గుజ్జు మరీ చిక్కగా ఉంటేనే కొద్దిగా నీళ్లు కలపండి, ఎక్కువైతే గింజ అందులోనే మొలకెత్తుతుంది. మూతికి పల్చటి గుడ్డ కట్టి నీడలో పెట్టి, రోజుకు రెండుసార్లు కలపండి. మన ఎండాకాలంలో ఒక రోజు చాలు, చలికాలంలో రెండు రోజులు. పైన తెల్లగా బూజు కట్టి, పుల్లటి వాసన కొడుతుంది. ఇంట్లోవాళ్లు ముక్కు మూసుకుంటారు, సీసాను బాల్కనీలో పెట్టుకోండి. గింజ చుట్టూ ఉన్న జిగురు పోయి, చేత్తో పట్టుకుంటే గరుగ్గా తగిలితే పని అయినట్టే. జిగురుతో పాటు పైపొర మీది బాక్టీరియా కూడా చాలావరకు పోతుంది. మూడు రోజులు దాటనివ్వద్దు.

తర్వాత సీసా నిండా నీళ్లు పోయండి. మంచి గింజ అడుగుకు దిగుతుంది, తొక్కలూ తాలు గింజలూ పైకి తేలతాయి, వాటిని వంపేయండి. నీళ్లు తేటగా వచ్చేదాకా జల్లెడలో కడిగి, స్టీలు పళ్లెంలో పల్చగా పరిచి ఫ్యాను కింద ఆరబెట్టండి. పేపరు మీద పోస్తే అతుక్కుపోతాయి. మధ్యాహ్నపు ఎండలో డాబా మీద పెట్టకండి. మధ్యమధ్య వేళ్లతో కదుపుతూ ఉంటే ఉండలు కట్టవు.

వేడి నీళ్ల శుద్ధి

టమాటాకు లెక్క 50 డిగ్రీల సెల్సియస్, 25 నిమిషాలు. గింజ లోపలికి చేరిన బాక్టీరియాను తగ్గించడానికి ఇంట్లో చేయగలిగిన వాటిలో ఇదే గట్టి మార్గం. జ్వరం చూసే థర్మామీటరు 42 దగ్గరే ఆగిపోతుంది. వంటకు వాడే, పొడవాటి ముల్లు ఉన్న డిజిటల్ థర్మామీటరు కావాలి. కొన్నాక ఒకసారి సరిచూసుకోండి: కరుగుతున్న ఐసు ముక్కల నీళ్లలో సున్నా, మరిగే నీళ్లలో 100 దగ్గర చూపించాలి. హైదరాబాదు ఎత్తు వల్ల అక్కడ నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి, థర్మామీటరు పాడైందనుకోవద్దు.

ఆరిన గింజల్ని పల్చటి మల్లు గుడ్డలో వదులుగా మూట కట్టండి, సగం ఖాళీ ఉండాలి. మునగడానికి లోపల ఒక స్టీలు చెంచా వేయండి. ముందు 37-38 డిగ్రీల నీళ్లలో 10 నిమిషాలు ఉంచితే గింజ లోపలిదాకా సమంగా వేడెక్కుతుంది.

ఈలోగా పెద్ద గిన్నెలో, కనీసం ఐదు లీటర్లు, అసలు నీళ్లు సిద్ధం చేసుకోండి. గిన్నె చిన్నదైతే వేడి ఇట్టే దిగిపోతుంది. ఒక వంతు మరిగే నీళ్లకు రెండు వంతుల కుళాయి నీళ్లు కలిపితే 50 దగ్గరకు వస్తుంది. గిన్నెను థర్మోకోల్ డబ్బాలో పెడితే ఆ వేడి ఇంకాసేపు నిలుస్తుంది. 50 చూపించాకే మూట వేసి, టైమరు పెట్టి, ఆపకుండా కలుపుతూ ఉండండి. అర డిగ్రీ దిగితే కాసిని వేడి నీళ్లు గిన్నె అంచున పోయండి, మూట మీద కాదు. స్టవ్ మీద పెట్టి చేయొద్దు, అడుగున గింజ ఉడికిపోతుంది. 25 నిమిషాలు కాగానే తీసి 5 నిమిషాలు చన్నీళ్లలో ముంచి, మళ్లీ పళ్లెంలో ఆరబెట్టండి.

గింజలు పాతవైనా, మొలక బలహీనంగా ఉన్నా ఈ వేడిని తట్టుకోలేవు. ఒకసారి చేసిన గింజకు రెండోసారి చేయకూడదు. చేసినవాటిని ఆ సీజన్లోనే వాడేయడం మంచిది. అందుకే అన్నిటినీ ఒకేసారి ముంచకుండా, నాటబోయేవాటికే చేసుకోండి.

థర్మామీటరు లేకపోతే

వేలు పెట్టి అంచనా వేసే పని కాదిది, వేడి నీళ్ల జోలికి పోకండి. పులియబెట్టి, బ్లీచ్‌తో సరిపెట్టుకోండి. బట్టలకు వాడే, రంగూ సువాసనా కలపని ద్రవ బ్లీచ్ (సోడియం హైపోక్లోరైట్ సుమారు 5 శాతం) ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు కలిపి, గింజల్ని ఒక్క నిమిషం కలిపి తీసి, పారే నీళ్లలో 5 నిమిషాలు కడగండి. ఇది పైపొర వరకే పనిచేస్తుంది. బ్లీచ్‌లో వెనిగర్ గానీ, బాత్రూమ్ కడిగే యాసిడ్ గానీ పొరపాటున కూడా కలపకండి, విషవాయువు వస్తుంది.

మొజాయిక్ వైరస్ అనుమానం ఉంటే ట్రైసోడియం ఫాస్ఫేట్ 10 శాతం ద్రావణంలో, అంటే లీటరుకు 100 గ్రాముల లెక్కన, 15 నిమిషాలు నానబెట్టి బాగా కడగాలి. చేతికి గ్లవ్స్ తప్పనిసరి. బీడీ, ఖైనీ అలవాటున్నవాళ్లు గింజలు ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పొగాకు నుంచి ఈ జాతి వైరస్ చేతుల ద్వారా అంటుకుంటుంది.

మొలక చూడటం

ఇది చాలామంది వదిలేసే పని. శుద్ధి చేసినవి 20, చేయనివి 20 విడిగా తడి టిష్యూలో చుట్టి, డబ్బాలో పెట్టి, చీటీ అంటించండి. వారం పది రోజుల్లో లెక్క పెట్టండి. ధ్రువీకరించిన టమాటా విత్తనానికి మన దేశంలో కనీస మొలక 70 శాతం, ఇరవైకి 14 గింజలు. రెండు పొట్లాలకూ తేడా బాగా ఉంటే మీ నీళ్లు 50 దాటి ఉంటాయి. రెండూ తక్కువ మొలిస్తే వేడి తప్పు కాదు, గింజే బలహీనం.

నాటే రోజు

వేడి నీళ్లకు మేలు చేసే సూక్ష్మజీవులూ మిగలవు. అందుకే నారు పోసే ముందు ట్రైకోడెర్మా విరిడి (మేలు చేసే శిలీంధ్రం పొడి) పట్టించండి. కిలో విత్తనానికి 4 గ్రాముల లెక్క కాబట్టి మిద్దెతోటకు చిటికెడు చాలు, రెండు చుక్కల నీళ్లతో గింజకు అంటించి నీడలో ఆరనిచ్చి విత్తండి. మట్టి నుంచి వచ్చే నారుకుళ్లును ఇది కొంత అడ్డుకుంటుంది. దీన్ని రసాయన శిలీంధ్రనాశినితో కలిపి వాడొద్దు.

ఆకుముడతకు మాత్రం ఈ కష్టమేదీ పనికిరాదు. దాన్ని తెచ్చేది తెల్లదోమ. నారుమడి మీద గింజ వేసిన రోజు నుంచే 40-50 మెష్ (అంగుళానికి 40-50 కన్నాలున్న) నైలాన్ వల కప్పి, అంచుల్ని మట్టితో మూసేయండి.