వింటర్ టైర్లు మార్చాక ఆ పసుపు దీపాన్ని ఏం చేయాలి?

కెనడాకి కొత్తగా వచ్చి కారు కొన్న మనవాళ్లకి మొదటి చలికాలంలోనే ఈ ప్రశ్న ఎదురవుతుంది. వింటర్ టైర్లు వేయించుకుని ఇంటికి బయల్దేరతారు, కాసేపటికి డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది. గుర్రపు లాడం ఆకారం, మధ్యలో ఆశ్చర్యార్థకం గుర్తు. టైరులో గాలి తగ్గిందని, లేదా గాలిని కొలిచే సెన్సార్ కారుకి దొరకడం లేదని చెప్పే దీపం అది. షాపుకి ఫోన్ చేస్తే "ఈ చక్రాల్లో సెన్సార్లు లేవు కదా, ఏప్రిల్ దాకా అలాగే ఉంటుంది, ఏం కాదు" అంటారు. తెలిసినవాళ్లని అడిగినా అదే మాట. నేను మాత్రం దాన్ని అలా వదిలేయొద్దనే చెప్తాను. టైర్లలో గాలి ఒత్తిడి బాగా పడిపోయేది ఆ నెలల్లోనే. ఆ దీపం ముందే వెలుగుతూ ఉంటే, నిజంగా ఒక టైరులో గాలి పోయినప్పుడు కారు మనకి కొత్తగా చెప్పగలిగేది ఏమీ ఉండదు. రాత్రి షిఫ్టు ముగించుకుని తెల్లవారుజామున 401 హైవే మీద బ్రాంప్టన్ వైపు వచ్చే నర్సుని నేను. మైనస్ ఇరవైలో, మంచు బురద ఎగజల్లే ట్రక్కుల పక్కన కారు ఆపి టైరు చూసుకునే పరిస్థితి ఎవరికీ రాకూడదని నా కోరిక.

ముందు ఒక చిన్న లెక్క చూడండి. అక్టోబర్‌లో ఇరవై డిగ్రీలున్న గరాజులో టైరుకి 33 పీఎస్ఐ (గాలి ఒత్తిడికి కొలమానం) పట్టించారనుకుందాం. ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు పడిపోయిన ప్రతిసారీ సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. జనవరిలో మైనస్ 15 ఉన్న ఉదయం అదే టైరుకి గేజ్ (ఒత్తిడి కొలిచే చిన్న పరికరం) పెడితే 27 చూపిస్తుంది. పంక్చర్ లేదు, గాలి ఎక్కడా కారలేదు, చలికి గాలి ముడుచుకుపోయిందంతే. దీపం సాధారణంగా వెలిగేది కంపెనీ చెప్పిన ఒత్తిడి కంటే 25 శాతం తగ్గినప్పుడు, అంటే మన లెక్కలో 25 పీఎస్ఐ దగ్గర. మరి 27 ఉన్న రోజున దీపం వెలగదు, కానీ టైరు అప్పటికే ఆరు పీఎస్ఐ తక్కువతో నడుస్తోంది. అందుకే సెన్సార్లు చక్కగా పనిచేస్తున్నా సరే, గ్లవ్‌బాక్సులో ఒక గేజ్ ఉండాలి, నెలకోసారి బయటికి తీయాలి. ఊళ్లో పెట్రోల్ బంకు దగ్గర ఆపి "ముందు ముప్పై, వెనక ముప్పై రెండు" అంటే గాలి పట్టే అబ్బాయే చూసుకునేవాడు. ఇక్కడ ఆ పని మనదే.

ఇక అసలు విషయం. డబ్బు ఖర్చు పెట్టే ముందు మీ కారులో ఉన్నది ఏ రకం టీపీఎంఎస్ (టైర్లలో గాలి ఒత్తిడిని గమనించి ఆ దీపాన్ని వెలిగించే వ్యవస్థ) అన్నది తెలుసుకోండి. రెండు రకాలున్నాయి. మొదటి దాంట్లో ప్రతి చక్రం లోపల, గాలి పట్టే వాల్వ్ వెనకాల, బ్యాటరీతో పనిచేసే సెన్సార్ ఉంటుంది. అది ఒత్తిడిని కొలిచి రేడియో సిగ్నల్ ద్వారా కారుకి పంపుతుంది. రెండో దాంట్లో చక్రంలో ఏమీ ఉండదు. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) కోసం ఉన్న స్పీడ్ సెన్సార్లనే వాడుకుని, ఏ చక్రం మిగతావాటికన్నా వేగంగా తిరుగుతోందో గమనిస్తుంది. గాలి తగ్గిన టైరు చుట్టుకొలత కాస్త తగ్గుతుంది కాబట్టి అదే దూరానికి ఎక్కువసార్లు తిరగాల్సివస్తుంది, దాన్నిబట్టి పట్టుకుంటుంది.

ఈ తేడా తెలియకపోవడం వల్ల డబ్బు ఎలా పోతుందో చెప్తాను. మా పక్కింట్లో తెనాలి నుంచి వచ్చిన తమ్ముడొకడు ఉన్నాడు, 2019 హోండా సీఆర్‌వీ నడుపుతాడు. ఒక షాపులో వింటర్ టైర్లకి కొటేషన్ తీసుకుని వచ్చి, "అక్కా, సెన్సార్లు నాలుగూ కొనాలట, నిజమేనా?" అని కాగితం చూపించాడు. అతని కారు చక్రాల్లో అసలు సెన్సార్లే ఉండవు. ఆ తరం సీఆర్‌వీలో ఉన్నది ఏబీఎస్‌తో పనిచేసే రకం. చేయాల్సిందల్లా కొత్త టైర్లలో గాలి సరిగ్గా పట్టించి, స్క్రీన్ మీద వెహికల్ సెట్టింగ్స్‌లో టీపీఎంఎస్ క్యాలిబ్రేషన్ నొక్కడం. తర్వాత గంటకి 50 నుంచి 100 కిలోమీటర్ల మధ్య వేగంతో మొత్తం మీద అరగంట నడిపితే కారే నేర్చుకుంటుంది. ఒకేసారి అరగంట నడపనక్కర్లేదు, రెండు మూడు ట్రిప్పులు కలిపినా చాలు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: గాలి సరిచేశాకే క్యాలిబ్రేషన్ నొక్కాలి. 26 ఉన్నప్పుడు నొక్కితే 26నే సరైన ఒత్తిడి అనుకుంటుంది, ఇంకా తగ్గాక గానీ నోరు విప్పదు. పైగా చలికి నాలుగు టైర్లూ ఒకేలా తగ్గితే పట్టుకోవడం ఈ రకానికి కష్టం. కాబట్టి ఈ కార్లవాళ్లకి గేజ్ అవసరం ఇంకా ఎక్కువ.

మీది ఏ రకమో తేల్చుకోవడానికి మాన్యువల్ చూడటమే ఖాయమైన దారి. స్క్రీన్ మీద ఒక్కో టైరుకి విడిగా పీఎస్ఐ అంకె కనిపిస్తోందంటే సెన్సార్లున్న రకమే. ఇంకో సంగతి, అమెరికాలో 2007 సెప్టెంబర్ నుంచి కొత్త కార్లన్నిటికీ టీపీఎంఎస్ తప్పనిసరి, కెనడాలో అలాంటి నియమం లేదు. అందుకే అమెరికాలో ఉన్న బంధువుల కారులో సెన్సార్లున్నాయని అదే మోడల్ పాత కారు ఇక్కడ కొంటే దాంట్లోనూ ఉంటాయని అనుకోవద్దు. కారు ఆన్ చేయగానే మిగతా దీపాలతో పాటు ఈ లాడం గుర్తు కూడా ఒక్క క్షణం వెలిగి ఆరాలి. అసలు వెలగలేదంటే ఆ కారులో టీపీఎంఎస్ లేకపోయి ఉండొచ్చు.

సెన్సార్లున్న రకమైతే, నా సలహా సూటిగా చెప్తున్నాను: వింటర్ టైర్లకి విడిగా స్టీల్ రిమ్స్ కొనండి, వాటిలో రెండో సెట్ సెన్సార్లు పెట్టించండి. ఉన్న రిమ్స్ మీదే ఏడాదికి రెండుసార్లు టైర్లు ఊడదీసి ఎక్కిస్తే ప్రతిసారీ మజూరీ కట్టాలి, టైరు అంచుని మెషీన్‌తో విడదీసేటప్పుడు సెన్సార్ విరిగే ప్రమాదం కూడా ఉంది. రెండో సెట్ ఉంటే ఇంటి ముందే చక్రాలు మార్చుకోవచ్చు. సెన్సార్ల ఫ్రీక్వెన్సీ మీ కారుకి సరిపడాలి. ఉత్తర అమెరికా కార్లలో ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్, కొన్నిటిలో 433 వాడతారు. మోడల్, సంవత్సరం చెప్పి అడగండి.

టైర్లు ఎక్కించకముందే నాలుగు సెన్సార్లనీ వరసగా పెట్టి ఫొటో తీసుకోండి. అగ్గిపెట్టె కన్నా చిన్నగా ఉండే ఆ నల్లటి ప్లాస్టిక్ మీద ఒక ఐడీ నంబర్ అచ్చువేసి ఉంటుంది. టైరు ఎక్కిందంటే ఆ నంబర్ ఇక కంటికి కనిపించదు, టూల్ పెట్టి చదవాల్సిందే. నా ఫోన్‌లో రెండు సెట్ల ఫొటోలూ ఉన్నాయి, ఏది ఏ చక్రమో రాసి పెట్టుకున్నాను.

ఇప్పుడు ఆ నంబర్లని కారుకి పరిచయం చేయాలి. అందరికీ టెన్షన్ పెట్టే భాగం ఇదే, ఎందుకంటే ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. హ్యుందాయ్, కియాల్లో చాలా మోడళ్లు కాసేపు నడిపితే వాటంతట అవే గుర్తుపడతాయి. జీఎం కార్లలో కారుని రీలెర్న్ (కొత్త సెన్సార్లని నేర్చుకునే) మోడ్‌లో పెట్టి, చేతిలో పట్టే చిన్న టూల్‌ని ఒక్కో వాల్వ్ దగ్గర నొక్కుతూ పోవాలి. డ్రైవర్ వైపు ముందు చక్రంతో మొదలుపెట్టి, ప్యాసింజర్ వైపు ముందు, తర్వాత అటే వెనక, చివరికి డ్రైవర్ వైపు వెనక. ప్రతి చక్రం నమోదైనప్పుడు హారన్ కుయ్‌మంటుంది. డ్రైవర్ వైపు అంటే ఇక్కడ ఎడమ పక్క, మన ఊరి అలవాటుతో కుడి నుంచి మొదలుపెట్టకండి. ఫోర్డ్‌లోనూ దాదాపు ఇదే తీరు. టొయోటాలో కాస్త పని ఎక్కువ: చాలా మోడళ్లలో స్టీరింగ్ కింద ఉన్న ఓబీడీ పోర్టుకి (కారు కంప్యూటరుతో మాట్లాడే సాకెట్టుకి) టూల్ తగిలించి ఐడీలు లోపల రాయాలి. మాది 2017 రావ్4, కాబట్టి నేను ఎంచుకున్న దారి క్లోనింగ్. ప్రోగ్రామబుల్ సెన్సార్లు కొని, పాత చక్రాల సెన్సార్ల ఐడీలనే వాటిలోకి కాపీ చేయించాను. కారుకి చక్రాలు మారిన సంగతే తెలియదు, ఏ టూలూ అక్కర్లేదు, దీపం వెలగదు. టొయోటా ఉన్నవాళ్లు షాపులో "క్లోన్ చేస్తారా?" అని ముందే అడగండి, చేయకపోతే చేసేచోటికి వెళ్లండి.

వాల్వ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చలికాలంలో ఎక్కువ సెన్సార్లు చచ్చేది అక్కడే. చాలా సెన్సార్ల వాల్వ్ కాడ అల్యూమినియంతో ఉంటుంది. దాని మీద షోకుగా ఉంటుందని ఇత్తడి టోపీ బిగిస్తే, రోడ్ల మీద చల్లే ఉప్పు నీళ్లు తగిలి రెండు లోహాలూ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఫిబ్రవరిలో గాలి పట్టిద్దామని ప్లయరుతో తిప్పితే కాడ విరుగుతుంది, కాడతో పాటు సెన్సారూ పోతుంది. లోపలి వాల్వ్ కోర్ కూడా మామూలు ఇత్తడిది కాకుండా నికెల్ పూత ఉన్నదే వేయాలి. టోపీలు మాత్రం కారుతో వచ్చిన ప్లాస్టిక్‌వే ఉంచండి, పోతే ప్లాస్టిక్‌వే కొనండి.

ఎప్పుడు మార్చాలి? రోజూ ఏడు డిగ్రీల కన్నా తక్కువ ఉండటం మొదలైనప్పుడు. ఆ చలికి మామూలు టైర్ల రబ్బరు గట్టిపడి రోడ్డుని పట్టుకోవడం మానేస్తుంది. మంచు పడేదాకా ఆగితే అపాయింట్‌మెంట్ దొరకదు, అక్టోబర్ చివర్లోనే పని ముగించండి. టైరు పక్కన పర్వతం, దాంట్లో మంచు నక్షత్రం బొమ్మ ఉండాలి, ఊరికే ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు అని అర్థం) అని రాసి ఉంటే సరిపోదు. క్విబెక్‌లో రిజిస్టరైన కార్లకి డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. అంటారియోలో తప్పనిసరి కాకపోయినా, 2016 నుంచి ఇన్సూరెన్స్ కంపెనీలు డిస్కౌంట్ ఇవ్వాలన్న నియమం ఉంది. రసీదు దాచుకుని ఫోన్ చేసి అడగండి, అడగనిదే ఇవ్వరు.

చక్రాలు ఇంటి దగ్గర మార్చుకునేవాళ్లు జాక్ ఎత్తకముందే నట్లు కొంచెం వదులు చేయండి. చక్రం తీశాక హబ్ (చక్రం ఆనే భాగం) మీద పట్టిన తుప్పుని వైర్ బ్రష్‌తో గీకేయండి, లేకపోతే కొత్త చక్రం సరిగ్గా ఆనదు. రిమ్ మారినప్పుడు నట్లు కూడా మారాల్సి రావచ్చు. హోండా కంపెనీ రిమ్స్‌కి అడుగు గుండ్రంగా ఉన్న నట్లు వస్తాయి, బయట కొన్న రిమ్స్‌కి సాధారణంగా శంఖాకారపువి కావాలి. తప్పు నట్టు బిగిస్తే బిగిసినట్టే అనిపించి దారిలో వదులవుతుంది, ఇందులో రాజీ పడొద్దు. బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించి, చివర్లో టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగుస్తోందో చూపించే పానా) వాడండి. ఆ సీఆర్‌వీకి 80 ఫుట్ పౌండ్లు, మా రావ్4కి 76. వంద కిలోమీటర్లు నడిపాక మళ్లీ ఒకసారి రెంచ్ వేసి చూడాలి. షాపులో మార్పించుకున్నా సరే, దీనికోసం వెనక్కి వెళ్లండి.

గాలి ఎంత పట్టాలో డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు మీద రాసున్నది గరిష్ఠ పరిమితి, దాన్ని చూసి పట్టించకండి. కారు మూడు గంటలైనా కదలకుండా బయట చలిలో ఉన్నాక కొలిస్తేనే లెక్క సరైనది. పొద్దున్నే దీపం వెలిగి, పది కిలోమీటర్లు పోయాక ఆరిపోతే ఊరుకోకండి. టైరు వేడెక్కి ఒత్తిడి పెరిగింది కానీ గాలి తక్కువే ఉంది.

దీపం వెలిగే తీరు కూడా గమనించండి. వెలిగీ వెలగగానే నిలకడగా ఉంటే ఏదో టైరులో గాలి తక్కువ. ఒక నిమిషం, నిమిషంన్నర పాటు మిణుకుమిణుకుమని తర్వాత నిలకడగా ఉంటే కారుకి సెన్సార్ దొరకడం లేదు: ఐడీ నమోదు కాలేదు, లేదా బ్యాటరీ అయిపోయింది. ఆ బ్యాటరీలు అయిదు నుంచి పదేళ్లు వస్తాయి, విడిగా మార్చడానికి వీల్లేదు, సెన్సారే మార్చాలి. అందుకే పాత కారు కొన్నవాళ్లు వేసవి చక్రాల సెన్సార్లు ఏ సంవత్సరానివో ఒకసారి అడిగి తెలుసుకోండి. ఏడెనిమిదేళ్లు దాటినవైతే, ఏప్రిల్‌లో ఎలాగూ కొత్త వేసవి టైర్లు కొంటుంటే, టైరు ఊడదీసిన ఆ మజూరీలోనే సెన్సార్లు కూడా మార్పించేయండి.