మంచి అద్దెదారులను వదులుకోకండి

ఇల్లు అద్దెకిచ్చినవాళ్లకు ఒక మాట. 11 నెలల అగ్రిమెంటు అయిపోగానే అద్దె పెంచేముందు ఓసారి లెక్క వేసుకోండి. 15,000 వచ్చే ఇంటికి నెలకు 1,500 పెంచితే ఏడాదికి అదనంగా వచ్చేది 18,000. అది భరించలేక వాళ్లు ఖాళీ చేస్తే, టులెట్ బోర్డు పెట్టి ఒక్క నెల ఎదురుచూసినా 15,000 పోయినట్టే. పైగా రంగులు, బ్రోకరు కమీషన్.

అసలు మనుషుల్ని ఎక్కువగా విసిగించేది రిపేర్లు నాన్చడం. మా పై వాటాలో బాత్రూం కుళాయి కారుతోందని చెప్పిన సాయంత్రమే ప్లంబర్ని పిలిచి వాషర్ మార్పించాను. ఆ కుటుంబం ఆరేళ్లుగా మా దగ్గరే ఉంటోంది. చుట్టాలొస్తే ఎన్నాళ్లుంటారని ఆరా తీయకండి. ఎండాకాలం బోరు ఎండితే ట్యాంకరు ఖర్చు ఎలా పంచుకోవాలో ముందే మాట్లాడుకోండి.