అరాస్ లోయ యుద్ధాన్ని పటం మీద చదవడం ఎలా

కాకసస్‌లోని కారబాఖ్ ప్రాంతం కోసం అజర్‌బైజాన్‌కూ అర్మేనియన్ బలగాలకూ మధ్య 2020 సెప్టెంబర్ 27న మొదలై నవంబర్ 10న ఆగిన యుద్ధం 44 రోజులు సాగింది. ఆ యుద్ధం తీరును మార్చిన కదలిక ఇరాన్‌కు సరిహద్దుగా ప్రవహించే అరాస్ నది ఉత్తరపు ఒడ్డున జరిగింది. అజర్‌బైజాన్ సైన్యం తూర్పు నుంచి పడమరకు ఆ లోయ పొడవునా సాగి, అక్కడి నుంచి ఉత్తరానికి మళ్ళింది, చివరికి కొండ మీది షుషా పట్టణాన్ని పట్టుకుంది. రోజువారీ వార్తల్లో మాత్రం పాఠకుడికి దొరికినవి ఎక్కువగా ఊళ్ళ పేర్లే. ఇన్ని గ్రామాలు పట్టుబడ్డాయని ఒక పక్షం ప్రకటిస్తే, అదంతా అబద్ధమని రెండో పక్షం ఖండించేది. అలాంటి వార్తలను అర్థవంతంగా చదవాలంటే ముందు ఊళ్ళ జాబితాను పక్కన పెట్టి నేల వాలును చదవాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ పని ఎలా చేయాలో అరాస్ లోయ ఉదాహరణగా ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట ఎత్తుపల్లాలను రంగులతో చూపే పటం ఒకటి సంపాదించండి. రాజకీయ సరిహద్దులు మాత్రమే చూపే పటం ఈ పనికి చాలదు, ఎందుకంటే దాని మీద అన్ని దిక్కులూ ఒకేలా కనిపిస్తాయి. ఎత్తుపల్లాల పటం మీద కారబాఖ్ చుట్టూ చూస్తే, ఉత్తరాన మురోవ్ పర్వతశ్రేణి గోడలా నిలబడి ఉంటుంది. తూర్పున రెండు దశాబ్దాలకు పైగా కందకాలతో, మందుపాతరలతో బలపరిచిన పాత కాల్పుల విరమణ రేఖ ఉండేది. దక్షిణాన మాత్రం అరాస్ ఒడ్డు వెంట హోరాదిజ్ నుంచి పడమరకు చదునైన మెట్ట మైదానం పరుచుకుని ఉంటుంది. యుద్ధ ట్యాంకులూ ట్రక్కులూ బారులు తీరి వెళ్ళగల నేల ఎక్కడుందో దీనితోనే సగం తెలిసిపోతుంది. దక్షిణాన కూడా బలమైన రక్షణ పంక్తులు ఉండేవి, మొదటి రోజుల పోరు వాటిని ఛేదించడానికే సరిపోయింది. అయితే ఒకసారి ఆ పంక్తి తెగాక వెనుక ఆగి నిలబడడానికి కొండలు లేవు. పడమరకు పోయే కొద్దీ జంగిలాన్ దగ్గర కొండలు నదికి దగ్గరగా వచ్చి లోయ ఇరుకవుతుంది; ఆ మార్పును పటం మీద పెన్సిల్‌తో గుర్తించి పెట్టుకోండి.

తర్వాత వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: సైన్యం నది వెంట పోతోందా, నదిని దాటుతోందా? ఈ రెండూ పూర్తిగా వేరు వేరు పనులు. 2022 మే నెలలో ఉక్రెయిన్‌లోని బిలోహోరివ్కా దగ్గర రష్యా బలగాలు సివెర్‌స్కీ దొనెత్స్ నదిని తేలుడు వంతెనల మీద దాటబోయి భారీగా వాహనాలు కోల్పోయాయి, ఎందుకంటే వంతెన దగ్గర గుమిగూడిన బలగం ఫిరంగులకు తప్పని గురి అవుతుంది. అరాస్ దగ్గర అజర్‌బైజాన్ ఆ నదిని దాటవలసిన అవసరమే లేదు. పడమరకు సాగే సైన్యానికి ఎడమ పక్కన నది, నదికి అవతల యుద్ధంలో లేని ఇరాన్. అంటే ఒక పార్శ్వాన్ని కాపాడుకునే భారం చాలావరకు తీరిపోయింది, బలగాన్ని ముందుకూ కుడి పక్కకూ కేటాయించవచ్చు. అదే నది ఒక హద్దు కూడా విధించింది: గురి తప్పిన రాకెట్లూ గుండ్లూ ఇరాన్ గ్రామాల్లో పడ్డాయి, ఇరాన్ ఇరుపక్షాలనూ హెచ్చరించి సరిహద్దుకు బలగాలను తరలించింది. సరిహద్దు నది పక్కన జరిగే ఏ దాడినైనా చదివేటప్పుడు, అవతలి ఒడ్డు దేశం ఏం చేస్తోందన్న వార్తను పక్క వార్తగా వదిలేయకండి.

ఈ సరిహద్దు చరిత్రకు ఎక్కువ చోటు అక్కరలేదు. 1813 నాటి గులిస్తాన్ సంధి, 1828 నాటి తుర్క్‌మెంచాయ్ సంధి తర్వాత అరాస్ నది ఇరాన్‌కూ రష్యా సామ్రాజ్యానికీ మధ్య హద్దు అయింది. 1993లో అర్మేనియన్ బలగాలు జబ్రాయిల్, ఫుజూలీ, గుబాద్లీ, జంగిలాన్ ప్రాంతాలను ఆక్రమించాయి, ఆ ఏడాది ఐక్యరాజ్యసమితి భద్రతామండలి అప్పటి కారబాఖ్ యుద్ధం మీద నాలుగు తీర్మానాలు చేసింది. అజర్‌బైజాన్ లెక్క ప్రకారం ఇరాన్‌తో ఉన్న సరిహద్దులో 132 కిలోమీటర్లు అప్పుడు దాని చేయి జారింది. 2020లో తిరిగి చేతికి వచ్చింది ఈ భాగమే.

పటం మీద ప్రతి ఊరికీ రెండు పేర్లు రాసుకోవడం తప్పనిసరి. అజర్‌బైజాన్ వార్తల్లో జంగిలాన్ అయినది అర్మేనియన్ వార్తల్లో కొవ్సకాన్. ఫుజూలీ వరాందా అవుతుంది, లాచిన్ బెర్ద్‌జోర్ అవుతుంది. నది పేరు కూడా ఒకరికి అరాజ్, మరొకరికి అరాక్స్. ఇలా రాసుకోకపోతే ఒకే ఊరి కోసం జరిగిన పోరును రెండు వేర్వేరు పోరాటాలుగా లెక్కేసుకునే ప్రమాదం ఉంది. ఏ పేరు ముందు రాయాలన్నది న్యాయాన్యాయాల నిర్ణయం కాదు. రెండూ ఉండాలి, అంతే.

ఇక తేదీల సంగతి. ప్రతి ఊరి పక్కన ఒక తేదీ కాదు, మూడు తేదీలు రాయడానికి చోటు వదలండి: పట్టుకున్నామని ఒక పక్షం ప్రకటించిన రోజు, ఆ ఊరిలోనే తీసినట్టు నిర్ధారించదగిన ఫొటో లేదా వీడియో వచ్చిన రోజు, ఓడిన పక్షం ఒప్పుకున్న రోజు. అజర్‌బైజాన్ అధ్యక్షుడు ఇల్హామ్ అలియేవ్ జబ్రాయిల్ పట్టణం గురించి అక్టోబర్ 4న, ఫుజూలీ గురించి 17న, జంగిలాన్ గురించి 20న, గుబాద్లీ గురించి 25న ప్రకటించారు. ఇవన్నీ మొదటి గడిలో పడతాయి. హద్రుత్ పట్టణం విషయంలో అక్టోబర్ 9 నాటి ప్రకటనను అర్మేనియన్ పక్షం ఖండించింది, ఆ తర్వాత కొన్ని రోజులకు గానీ పరిస్థితి స్పష్టం కాలేదు. షుషా గురించి నవంబర్ 8న ప్రకటన వస్తే, ఆ పట్టణం తమ అదుపులో లేదని కారబాఖ్ అర్మేనియన్ నాయకత్వం ప్రతినిధి మరునాడు ఒప్పుకున్నారు. ఈ మూడు తేదీల మధ్య ఎడం ఎంతన్నది కూడా ఒక సమాచారమే. ఎడం తక్కువగా ఉంటే రక్షణ చెదిరిపోయిందని అర్థం కావచ్చు, ఎక్కువగా ఉంటే ఆ ఊరిలో ఇంకా పోరు నడుస్తోందని అర్థం కావచ్చు.

రెండో గడి నింపడానికి ఫొటోను దగ్గరగా చూడడం నేర్చుకోవాలి. అరాస్ మీది ఖుదాఫరిన్ వంతెనల దగ్గర అజర్‌బైజాన్ జెండా ఎగిరిందని అక్టోబర్ 18న వార్త వచ్చింది. అక్కడ ఒకదానికొకటి దగ్గరలో రెండు పాత వంతెనలు ఉన్నాయి: ఒకటి పదిహేను కమానులతో నిలిచి ఉంది, రెండోది పదకొండు కమానులది, శిథిలమైంది. ఫొటోలో ముందు కమానులను లెక్కపెట్టండి. తర్వాత నీటి పరుగు కనిపిస్తే అది ఏ వైపుకో చూడండి. అరాస్ ఇక్కడ పడమర నుంచి తూర్పుకు పారుతుంది కాబట్టి, ఇరాన్ ఒడ్డున నిలబడి అవతలి ఒడ్డును తీసిన వీడియోలో నీళ్ళు ఎడమ నుంచి కుడికి కదలాలి. కుడి నుంచి ఎడమకు కదిలితే కెమెరా ఉత్తరపు ఒడ్డున ఉందన్నమాట. ఇంత చిన్న గుర్తుతో ఆ దృశ్యం సైనికులు తీసినదా, అవతలి ఒడ్డున గుమిగూడి చూస్తున్న ఇరాన్ గ్రామస్థులు తీసినదా అన్నది చాలాసార్లు తేలిపోతుంది. చివరగా వెనుక కనిపించే కొండల అంచును ఉపగ్రహ పటంలోని కొండలతో పోల్చండి. నీటి మట్టం, చెట్లు, ఇళ్ళు మారవచ్చు గానీ కొండ అంచు మారదు.

డ్రోన్ వీడియోల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. అజర్‌బైజాన్ తుర్కియే తయారీ బైరక్తార్ టీబీ2 డ్రోన్లనూ, గాలిలో తిరుగుతూ లక్ష్యం మీద పడి పేలే ఇజ్రాయెల్ తయారీ హారోప్‌లనూ వాడింది. పాత ఆన్-2 విమానాలను మనుషులు లేకుండా ఎగరేసి, వాటి మీద కాల్పులు జరిపిన గగనతల రక్షణ వ్యవస్థలను బయటపెట్టింది. రక్షణ శాఖ రోజూ విడుదల చేసిన వీడియోలు నిజమైన దాడులవే, అయినా వాటిలో గురి తప్పిన దాడులు ఉండవు, కాలినడక సైనికులు పడిన పాట్లు కనిపించవు. వాటిని మాత్రమే చూసినవారికి యుద్ధాన్ని డ్రోన్లే గెలిచాయని అనిపిస్తుంది. షుషాను పట్టుకున్నది మాత్రం హద్రుత్ వైపు నుంచి అడవులూ లోయలూ దాటి, తేలిక ఆయుధాలతో కొండ ఎక్కిన పదాతి దళాలు.

ఇక్కడే ఉపనదుల విలువ తెలుస్తుంది. నది వెంట సాగే దాడి ఎక్కడ మలుపు తిరుగుతుందో ఊహించాలంటే, ఆ నదిలో కలిసే ఏరులను వేలితో పైకి అనుసరించండి. జంగిలాన్ ప్రాంతంలో హకారి నది ఉత్తరం నుంచి వచ్చి అరాస్‌లో కలుస్తుంది. ఆ లోయలో పైకి వెళితే గుబాద్లీ ప్రాంతం, ఇంకా పైన లాచిన్. అర్మేనియాలోని గోరిస్ నుంచి అప్పటి కారబాఖ్ అర్మేనియన్ల రాజధాని స్తెపనకెర్త్‌కు పోయే రోడ్డు లాచిన్ మీదుగానే వెళ్ళేది, సరఫరాకు అదే ప్రాణాధారంగా ఉండేది. కాబట్టి జంగిలాన్ పట్టుబడిన అయిదు రోజులకు గుబాద్లీ పేరు వినిపించినప్పుడు, పటం ముందున్న పాఠకుడికి అది కొత్త ఊరి పేరు కాదు, లాచిన్ రోడ్డు వైపు తిరిగిన బాణం. ఆ రోడ్డే షుషా పక్క నుంచి పోతుంది గనుక, షుషా పడగానే యుద్ధం రెండు రోజుల్లో ఆగిపోవడం ఆశ్చర్యం కలిగించదు.

కాల్పుల విరమణలను కూడా అదే తేదీల వరుసలో రాయండి. అక్టోబర్ 10న, 18న, 26న మూడుసార్లు విరమణ అమల్లోకి రావలసి ఉండగా మూడుసార్లూ భగ్నమైంది. వాటి పక్కనే ఫుజూలీ, జంగిలాన్, గుబాద్లీ తేదీలు పెట్టి చూస్తే ముందడుగు ఎక్కడా ఆగలేదని కళ్ళకు కడుతుంది.

పటం మీద మనుషులను గుర్తించకుండా ఈ పని ముగించకూడదు. 1993లో ఈ లోయ నుంచి అజర్‌బైజానీలు తరలిపోయాక జబ్రాయిల్, ఫుజూలీ పట్టణాలు చాలావరకు శిథిలాలుగా మిగిలాయి. హద్రుత్‌లో మాత్రం అర్మేనియన్ కుటుంబాలు నివసిస్తుండేవి, 2020 అక్టోబర్‌లో వారు ఇళ్ళు వదిలి వెళ్ళవలసి వచ్చింది. రెండింటినీ పట్టణం పట్టుబడింది అనే ఒకే మాటతో చెప్పే వార్త ఈ తేడాను దాచేస్తుంది. అందుకే ప్రతి ఊరి పక్కన ఆ రోజున అక్కడ ఎవరుండేవారో, అంతకుముందు ఎవరుండేవారో ఒక్క మాటలో రాసుకోండి.

ఆఖరుగా ఇంకో రంగు పెన్సిల్ తీసుకోండి. యుద్ధాన్ని ఆపిన నవంబర్ ఒప్పందం ప్రకారం ఆగ్దామ్ నవంబర్ 20న, కెల్బజార్ 25న, లాచిన్ డిసెంబర్ 1న అజర్‌బైజాన్‌కు అప్పగించబడ్డాయి. అవి పోరాటంలో పట్టుబడిన ప్రాంతాలు కావు గనుక, లోయ వెంట మీరు గీసిన బాణాల రంగు వాటికి వేయకండి.