దక్షిణాఫ్రికాలో పబ్లిక్ ప్రొటెక్టర్‌కు ఫిర్యాదు చేసే విధానం: రెండేళ్ల గడువు, దానికి ముందు కావలసిన కాగితం

దక్షిణాఫ్రికాలో ప్రభుత్వ కార్యాలయం అన్యాయం చేసిందని, లంచం ఇవ్వనందుకే పని ఆపిందని, టెండరు కావలసినవారికి కట్టబెట్టిందని భావించే ఎవరైనా, అటువంటి ఫిర్యాదుల మీద దర్యాప్తు చేసే రాజ్యాంగ పదవి అయిన పబ్లిక్ ప్రొటెక్టర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దీనికి రుసుము లేదు, వకీలు అవసరం లేదు. పౌరసత్వం ఉండాలన్న నిబంధన కూడా లేదు. 1860 నుంచి చెరకు తోటల కూలీలుగా నాటాల్ చేరిన తెలుగువారి సంతతికి, నిన్నమొన్న ఉద్యోగం మీద జొహానెస్‌బర్గ్ వచ్చి పర్మిట్ కోసం ఎదురుచూస్తున్నవారికి ఈ హక్కు ఒకే విధంగా వర్తిస్తుంది. అయినా ఫిర్యాదు "పెట్టిస్తామని" డబ్బు అడిగేవారు తగులుతూనే ఉంటారు, వారికి డబ్బు ఇచ్చి కూడా వెనక్కి వచ్చినవారు కనిపిస్తూనే ఉంటారు. వెనక్కి రావడానికి కారణం చాలాసార్లు ఒకటే, అది ఫారంలో కనిపించదు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందుగా ఆ కార్యాలయం ఏమి చేయగలదో తెలుసుకోవాలి. పబ్లిక్ ప్రొటెక్టర్ పదవి 1996 రాజ్యాంగంలోని 181, 182 సెక్షన్ల మీద, 1994 నాటి పబ్లిక్ ప్రొటెక్టర్ చట్టం మీద ఆధారపడి ఉంది. పదవీకాలం ఏడేళ్లు, రెండోసారి నియామకం ఉండదు. ప్రభుత్వ శాఖలు, మునిసిపాలిటీలు, ప్రభుత్వ సంస్థల అక్రమ పాలన, అధికార దుర్వినియోగం, ప్రజాధనం దుబారా దీని పరిధిలోకి వస్తాయి. కోర్టు తీర్పులు రావు. ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల తగాదా కూడా రాదు. మన లోకాయుక్త తెలిసినవారు ఇదీ సిఫారసులు చేసి ఊరుకునే సంస్థేనని అనుకోవచ్చు గాని, అది సరికాదు. అప్పటి అధ్యక్షుడు జేకబ్ జుమా స్వగృహం న్కాండ్లాకు భద్రత పేరుతో ప్రజాధనం ఖర్చు పెట్టిన వ్యవహారంపై అప్పటి పబ్లిక్ ప్రొటెక్టర్ తులీ మడోన్‌సేలా 2014లో నివేదిక ఇచ్చారు. రెండేళ్లపాటు దానిని పక్కన పెట్టిన తరువాత, 2016 మార్చి 31న రాజ్యాంగ న్యాయస్థానం ఆ నివేదికలోని దిద్దుబాటు చర్యలు పాటించి తీరవలసినవేనని, ఎవరికైనా అభ్యంతరం ఉంటే కోర్టుకు వెళ్లి కొట్టివేయించుకోవాలే తప్ప విస్మరించడానికి వీల్లేదని తేల్చింది. జుమా 78 లక్షల రాండ్లకు పైగా తిరిగి చెల్లించారు. ఈ తీర్పు మీద నిలబడే ఇప్పుడు సామాన్యుడి ఫిర్యాదుకూ బలం ఉంది.

అయితే పబ్లిక్ ప్రొటెక్టర్ ఎవరినీ అరెస్టు చేయరు, ఎవరి మీదా కేసు నడపరు. ఫలానా అధికారి ఫలానా రోజు ఇంత డబ్బు అడిగాడు అన్నది నేరం, దానికి 2004 నాటి అవినీతి నిరోధక చట్టం ఉంది, పోలీసుల దగ్గరకు వెళ్లాలి. ఆ చట్టం ప్రకారం లంచం తీసుకున్నవాడితో పాటు ఇచ్చినవాడూ నేరస్థుడే. ట్రాఫిక్ పోలీసు అడిగే "కూల్‌డ్రింక్ డబ్బులు" ఇచ్చేసి, ఆ సంగతి ఫిర్యాదులో మామూలు వివరంగా రాసేవారు ఒక వకీలును సంప్రదించిన తరువాతే సంతకం పెట్టడం మంచిది. పేరు చెప్పకుండా సమాచారం ఇవ్వదలచినవారికి, ప్రభుత్వ యంత్రాంగం పనితీరును పర్యవేక్షించే పబ్లిక్ సర్వీస్ కమిషన్ నడిపే జాతీయ అవినీతి నిరోధక హాట్‌లైన్ 0800 701 701 ఉంది. ప్రత్యేక దర్యాప్తు విభాగమైన ఎస్‌ఐయూకు పెద్ద టెండరు కుంభకోణాలు వెళతాయి గాని, అధ్యక్షుడు ప్రకటన జారీ చేస్తే తప్ప అది దర్యాప్తు మొదలుపెట్టలేదు. కాబట్టి ఒక్క కుటుంబానికి జరిగిన అన్యాయం అక్కడ ఇరుక్కుపోయే అవకాశం ఎక్కువ.

దరఖాస్తు విషయానికి వస్తే, అడిగేవి కష్టమైనవి కావు. ఏమి జరిగింది, ఎప్పుడు జరిగింది, ఏ కార్యాలయంలో జరిగింది, దర్యాప్తు ఎందుకు అవసరమని మీరు అనుకుంటున్నారు, సమస్యను మీరే పరిష్కరించుకోవడానికి ఏమేమి చేశారు, ఏ అధికారితో ఏ తేదీన మాట్లాడారు, వారు ఏమన్నారు, ఉత్తరప్రత్యుత్తరాల నకళ్లు, మీ ఫోన్ నంబరు. కేంద్ర కార్యాలయం ప్రిటోరియాలో ఉంది. తొమ్మిది ప్రావిన్సుల్లోనూ ప్రాంతీయ కార్యాలయాలు ఉన్నాయి, క్వాజులు-నాటాల్ వారికి డర్బన్. ఉచిత ఫోన్ నంబరు 0800 11 20 40. రాయడం రానివారు స్వయంగా వెళ్లి నోటితో చెప్పవచ్చు. ఫిర్యాదు పూర్తి చేయడానికి సిబ్బంది ఉచితంగా సాయం చేయాలని చట్టంలోని 6వ సెక్షనే చెబుతోంది, అందువల్ల బయట బల్ల వేసుకొని ఫారం నింపేవారికి ఒక్క రాండ్ కూడా ఇవ్వనక్కరలేదు.

ఇక అసలు చిక్కు. అదే 6వ సెక్షన్‌లో రెండు నిబంధనలు ఉన్నాయి. ఒకటి, బాధితుడు తనకు అందుబాటులో ఉన్న చట్టబద్ధమైన మార్గాలన్నీ సహేతుకంగా ప్రయత్నించకపోతే పబ్లిక్ ప్రొటెక్టర్ దర్యాప్తుకు నిరాకరించవచ్చు. రెండోది, సంఘటన జరిగిన రెండేళ్లలోగా అందని ఫిర్యాదును ప్రత్యేక పరిస్థితులు ఉంటే తప్ప స్వీకరించకూడదు. మొదటిది చదివినవాడు శాఖ జవాబు కోసం ఓపికగా ఎదురుచూస్తాడు, ఆ ఓపికే రెండోదాని కింద అతడిని ముంచుతుంది. రెండోది మాత్రమే తెలిసినవాడు మర్నాడే పరుగెత్తుకొచ్చి, ముందు శాఖకు రాసి రమ్మన్న మాట విని వెనుదిరుగుతాడు. ఎక్కువమంది తట్టుకొని పడేది ఈ రెండు గోడల మధ్యనే.

ఇక్కడ గమనించవలసినది గడువు లెక్క మొదలయ్యే చోటు. రెండేళ్లు లెక్కించేది సంఘటన జరిగిన నాటి నుంచి. శాఖ మీకు చివరి ఉత్తరం పంపిన నాటి నుంచి అనుకొని నిశ్చింతగా ఉండడం ప్రమాదకరం. కౌంటరులో గుమస్తా "వచ్చే నెల రండి" అన్న ప్రతిసారీ గడువు కరుగుతూనే ఉంటుంది, ఆ మాటకు కాగితం మీద ఆనవాలు లేకపోతే మీరు ప్రయత్నించారనడానికీ రుజువు ఉండదు. నోటి మాట మీద నడిచిన ప్రయత్నం రెండు విధాలుగానూ నష్టమే.

కాబట్టి అన్నిటికంటే ముందు తయారు చేసుకోవలసిన కాగితం, సంబంధిత కార్యాలయానికి మీరు రాసిన ఫిర్యాదు నకలు, దాని మీద ఆ కార్యాలయం వేసిన తేదీ ముద్ర. రెండు ప్రతులు తీసుకువెళ్లి ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తీసుకున్న వ్యక్తి పేరు, సంతకం వేయించుకోవాలి. ముద్ర వేయమంటే చాలా కౌంటర్లలో ముఖం చిట్లిస్తారు. అప్పుడు వాదనకు దిగకుండా అదే ఉత్తరాన్ని శాఖాధిపతికి ఈమెయిల్‌గా, రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపితే ఆ రసీదు కూడా అంతే పనికొస్తుంది. ఉత్తరంలో కథ అక్కరలేదు. ఉదాహరణకు, ప్రభుత్వ ఇంటి లబ్ధిదారుల జాబితాలో పేరు ఉండి కూడా ఇల్లు మరొకరికి ఇచ్చిన సందర్భంలో, జాబితా తేదీ, అందులో మీ క్రమసంఖ్య, ఇల్లు ఇతరులకు అప్పగించినట్లు మీకు తెలిసిన తేదీ, మీరు కోరుతున్న పరిష్కారం, జవాబుకు 30 రోజుల వ్యవధి, ఇవి చాలు. అందులో "దొంగలు" అన్న మాట ఒక్కటి రాసినా చదివే అధికారి దృష్టి తేదీల మీద నుంచి ఆ మాట మీదకు మళ్లుతుంది.

ఈ ఉత్తరాన్ని మరింత పదునుగా మార్చే చట్టాలు రెండున్నాయి, దళారులు వీటి సంగతి చెప్పరు. 2000 నాటి పరిపాలనా న్యాయ ప్రోత్సాహక చట్టం 5వ సెక్షన్ ప్రకారం, మీ హక్కులను గణనీయంగా దెబ్బతీసిన నిర్ణయానికి లిఖితపూర్వకంగా కారణాలు ఇవ్వమని, ఆ నిర్ణయం తెలిసిన 90 రోజుల్లోగా అడగవచ్చు. ఆ తరువాత 90 రోజుల్లో వారు కారణాలు ఇవ్వాలి. ఇవ్వకపోతే, వేరే రుజువు చూపనంత వరకు, తగిన కారణం లేకుండానే నిర్ణయం తీసుకున్నారని కోర్టు భావిస్తుంది. రెండోది సమాచార ప్రాప్తి ప్రోత్సాహక చట్టం, మన సమాచార హక్కు చట్టం వంటిదే, దానికంటే అయిదేళ్లు ముందు వచ్చింది. దాని కింద 2వ నంబరు ఫారంతో టెండరు మూల్యాంకన పత్రాలు గాని, మీ ఫైలు గాని అడగవచ్చు. 30 రోజులు దాటినా జవాబు రాకపోతే దానిని నిరాకరణగానే చట్టం పరిగణిస్తుంది, అంటే మౌనం కూడా మీ చేతిలో ఒక తేదీగా మిగులుతుంది. ఈ రెండూ అడిగి, వాటి నకళ్లు జతచేసిన ఫిర్యాదును "ముందు శాఖకు వెళ్లి రండి" అని తిప్పి పంపడం కష్టం.

గడువు దగ్గరపడుతుంటే మాత్రం శాఖ జవాబు కోసం ఆగవద్దు. ఉన్నవాటితోనే ఫిర్యాదు ఇచ్చి, శాఖకు రాసిన ఉత్తరం నకలు జతచేసి, జవాబు రాగానే పంపుతానని అందులోనే రాయండి. రెండేళ్లు ఇప్పటికే దాటిపోయినవారు కూడా ఆశ వదులుకోనక్కరలేదు గాని, ఫిర్యాదు మొదటి పేజీలోనే విడిగా ఒక పేరా రాసి, ప్రత్యేక పరిస్థితి ఏమిటో చెప్పాలి. ప్రత్యేక పరిస్థితులు ఇవీ అని చట్టంలో జాబితా లేదు, నిర్ణయం పబ్లిక్ ప్రొటెక్టర్ విచక్షణకు వదిలారు. ఆసుపత్రిలో ఉన్న కాలం, విషయం దాచిపెట్టడం వల్ల ఆలస్యంగా తెలియడం, అన్యాయం నేటికీ కొనసాగుతూ ఉండడం వంటివి ఆధారాలతో చూపితే పరిశీలించే అవకాశం ఉంటుంది. ఆలస్యం గురించి ఏమీ రాయకుండా పంపిన ఫిర్యాదుకు ఆ అవకాశం కూడా మిగలదు.

ప్రమాణపత్రం, అంటే అందరూ అఫిడవిట్ అనేది, జతచేస్తే మేలు. ఇది పోలీస్ స్టేషన్ కౌంటరులో చేయించుకోవచ్చు, అక్కడి అధికారులు ప్రమాణం చేయించే అధికారం ఉన్నవారే. ప్రమాణం చేయించినందుకు రుసుము తీసుకోకూడదు, ఇది గట్టిగా గుర్తుంచుకోండి. ఇంటి దగ్గరే సంతకం పెట్టి తీసుకువెళ్లడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. సంతకం ఆ అధికారి కళ్లెదుటే పెట్టాలి, ప్రతి పేజీ మీద ఇద్దరి పొడి అక్షరాలు ఉండేలా చూసుకోవాలి, చివర ఆయన పేరు, హోదా, తేదీ ముద్ర స్పష్టంగా పడ్డాయో లేదో కౌంటరు వదిలే ముందే చూసుకోవాలి. ముద్ర మసకబారిన అఫిడవిట్ గురించి తరువాత ఎవరూ సర్దిచెప్పలేరు. అసలు ప్రతి మీ దగ్గరే ఉంచుకోండి.

ప్రభుత్వ ఉద్యోగులు తమ సొంత సర్వీసు విషయాల్లో ముందుగా పబ్లిక్ సర్వీస్ చట్టం కింద ఉన్న గ్రీవెన్స్ మార్గం పూర్తి చేయాలి. తమ కార్యాలయంలోని అవినీతి గురించి చెప్పదలచిన ఉద్యోగికి 2000 నాటి ప్రొటెక్టెడ్ డిస్‌క్లోజర్స్ చట్టం రక్షణ ఇస్తుంది, పబ్లిక్ ప్రొటెక్టర్‌కు, ఆడిటర్ జనరల్‌కు సదుద్దేశంతో చెప్పిన సమాచారం దాని కిందికి వస్తుంది. ఆ రక్షణ ప్రధానంగా ఉద్యోగం పోకుండా, బదిలీ వేధింపులు లేకుండా కాపాడేందుకే. గౌటెంగ్ ప్రావిన్సు ఆరోగ్య శాఖలో సీనియర్ ఆర్థికాధికారిగా ఉంటూ టెంబిసా ఆసుపత్రి అనుమానాస్పద చెల్లింపులను గుర్తించి, ఎస్‌ఐయూ దర్యాప్తులో సాక్షిగా నిలిచిన బబితా దేవకరణ్‌ను 2021 ఆగస్టు 23న జొహానెస్‌బర్గ్‌లో ఆమె ఇంటి బయటే కాల్చి చంపారు. కాల్చినవారికి శిక్షలు పడ్డాయి. భయపెట్టడానికి ఈ సంగతి చెప్పడం లేదు. పెద్ద మొత్తాలతో ముడిపడిన సమాచారం చేతిలో ఉన్నవారు సహోద్యోగులతో చర్చించకుండా, నకళ్లు ఇంటికి, కార్యాలయానికి బయట మరొకచోట భద్రపరచి, ముందుగా వకీలుతో మాట్లాడి, తమ పేరు గోప్యంగా ఉంచమని లిఖితపూర్వకంగా కోరడం అవసరం. ఇల్లు, పింఛను, పర్మిట్ వంటి సొంత పని మీద ఫిర్యాదు చేసేవారికి ఇంత ఆందోళన సాధారణంగా అక్కరలేదు.

ఫిర్యాదు అందిన తరువాత ఒక రిఫరెన్స్ నంబరు వస్తుంది. వారం దాటినా రాకపోతే ఫోన్ చేసి తీసుకోండి, ఇక మీదట ప్రతి ఉత్తరం మీద అదే రాయాలి. తొలి పరిశీలనలో ఫిర్యాదు తమ పరిధిలో ఉందో లేదో చూస్తారు. చిన్న సమస్యలను శాఖతో మాట్లాడి, మధ్యవర్తిత్వం ద్వారా పరిష్కరించే అధికారం చట్టంలోనే ఉంది, ఆగిపోయిన చెల్లింపులు, కదలని ఫైళ్లు ఈ దశలోనే తేలితే అదృష్టం. పూర్తి దర్యాప్తు చాలాకాలం పడుతుంది. ఆరోపణ ఎదుర్కొంటున్నవారికి జవాబు చెప్పుకొనే అవకాశం ఇవ్వాలి, నివేదిక వచ్చాక శాఖ హైకోర్టుకు వెళ్లి దానిని సవాలు చేయవచ్చు. ఈ సమయంలో మీ చిరునామా, ఫోన్ నంబరు మారితే వెంటనే తెలియజేయండి, ఎందుకంటే అధికారికి మీరు దొరకకపోతే ఫైలు మూతపడే ప్రమాదం ఉంది. ఇదే విషయం మీద కోర్టులో కేసు వేసి ఉంటే దాచకండి, అది బయటపడిన రోజున మిగతా మాటల మీదా నమ్మకం పోతుంది.

తిరస్కరణ ఉత్తరం వస్తే అందులో ఏ కారణం రాశారో చూడండి. "ఇతర మార్గాలు ప్రయత్నించలేదు" అని ఉంటే అది తలుపు మూసినట్టు కాదు, ఆ మార్గం పూర్తి చేసి, రెండేళ్లలోపు అదే రిఫరెన్స్ నంబరుతో మళ్లీ ఇవ్వవచ్చు. "పరిధిలో లేదు" అని ఉంటే ఏ సంస్థకు వెళ్లాలో అడిగి రాయించుకోండి. "గడువు దాటింది" అని ఉండి, మీరు చూపిన ప్రత్యేక పరిస్థితి గురించి ఒక్క మాటా లేకపోతే, దానిని పరిశీలించారా లేదా అని అడుగుతూ పునఃపరిశీలన కోరుతూ రాయండి. ఆ తరువాత మిగిలేది హైకోర్టు సమీక్ష, దానికి ఖర్చు ఉంటుంది. ఖర్చు భరించలేనివారు ప్రభుత్వ న్యాయసహాయ సంస్థ లీగల్ ఎయిడ్ సౌత్ ఆఫ్రికాను గాని, విశ్వవిద్యాలయాల న్యాయ సహాయ కేంద్రాలను గాని సంప్రదించవచ్చు. అక్కడికి వెళ్లేటప్పుడు తేదీ ముద్ర ఉన్న ఆ మొదటి ఉత్తరం, పోస్టు రసీదు, తిరస్కరణ ఉత్తరం, ఈ మూడూ ఒకే కవరులో పెట్టుకొని వెళ్లండి.